సుంకపు గవిని నుండి తనిఖీ తెర వరకు

వాన కురియని నేల తన బిడ్డలను ఇంటిపట్టున నుండనీయదు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగింపగా, తూర్పు సముద్రమున బుట్టిన వాయుగుండములు తమ జలసంపదను దారిలోనే వెచ్చించి రాగా, రెండు ఋతుపవనముల నడుమను వంచితమై మిగిలిన అనంతపుర పీఠభూమికి సాలున సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే లభించును. దానిని నమ్ముకొని వేరుసెనగ విత్తిన రైతు పంట చేతికందిన యేటిని పండుగగా నెంచుకొనును. కావున ఈ సీమ చరిత్ర యనగా సగము ప్రయాణముల చరిత్రయే. కరువు వచ్చినప్పుడు పూర్వులు పశువులను తోలుకొని నీరున్న తావులకు పోయిరి. రైలు వచ్చిన పిదప బళ్లారికిని, బెంగుళూరునకును, మదరాసునకును పోయిరి. నేడు కదిరి ప్రాంతపు స్త్రీలు ఇంటిపనికై కువైటునకు పోవుచున్నారు, 1946లో నెలకొన్న అనంతపురపు ఇంజనీరింగు కళాశాలలో చదివిన బిడ్డలు అమెరికాకు పోవుచున్నారు. పోవువారి కెల్ల దారిలో ఒక గవిని యెదురగును. గవినికడ నొక కావలివాడుండును. వాడు మూట విప్పుమనును. కడుపుతో నున్న స్త్రీయు, చంకను బిడ్డ నెత్తుకొన్న తల్లియు ఆ గవినికడ నిలిచినప్పుడు కాలక్రమమున నేమి జరుగుచు వచ్చెనో, వారికి నేడు లభించుచున్న కొద్దిపాటి మర్యాద యెట్లు వచ్చెనో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

విజయనగర రాజ్యమునకు సుంకము ముఖ్యమైన ఆదాయములలో నొకటి. 16వ శతాబ్దమున రాజధానిలో వసించి దాని వృత్తాంతమును వ్రాసియుంచిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్, నేటి హోస్పేట యైన నాగలాపురపు గవినిని ఏటికి 12,000 వరహాలకు గుత్త కిచ్చియుండిరనియు, స్వదేశి గాని విదేశి గాని గుత్తదారు అడిగినది చెల్లింపక లోనికడుగు పెట్టజాలకుండెననియు తెలిపెను. 1565 నాటి యుద్ధానంతరము పెనుకొండ రాజధాని యయ్యెను. ఆ కోట పాదమున సాగు బాట నేటికిని అనంతపురము నుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమే. నాటి శాసనములు సుంకమును బండికింత, పెరికకింత, కావడికింత, తలమూటకింత యని విధించినవి. కృష్ణదేవరాయల కాలమున వివాహ సుంకమును మాన్పిన శాసనములును గలవు. వీనినన్నిటిని గమనించినచో ఒక్క సంగతి స్పష్టమగును: సుంకరి కన్ను సరకుమీదనే గాని, సరకు మోయువారి మేనిమీద కాదు. వానికి గావలసినది ధనము. బాటసారి దేహము వానికి రహస్యస్థానముగా తోచలేదు.

గర్భిణీస్త్రీ ప్రయాణమునకు ఆ కాలమున నియమములను చేసినది రాజ్యము కాదు, ఇల్లు. తొలి కాన్పు పుట్టింట జరుగవలెను. అందులకై ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో, బేసి నెల చూచి, మంచి దినము చూచి, పుట్టింటివారు వచ్చి బిడ్డను తోడ్కొనిపోవలెను. ఎనిమిదవ నెలలో ఊరు దాటరాదు. ఏరు దాటవలసివచ్చినచో పెద్దల యనుజ్ఞ గావలెను. దారిలో గాలి ధూళి సోకకుండుటకై కొంగున ఒక ఇనుపముక్కయో, చేత ఒక వేపరెమ్మయో యుండవలెను. బండిలో వరిగడ్డి పరచి, దానిమీద బొంత వేసి, గతుకులలో ఎద్దులను మెల్లగా నడిపించుచు తెచ్చెడివారు. ఈ యాచారములలో కొన్ని భయము వలన బుట్టినవి, కొన్ని అనుభవము వలన బుట్టినవి. కాని అన్నిటియందును ఒక నిశ్చయము గలదు: చూలాలు ఒంటరి బాటసారి కాదు, ఆమెతో కూడ ఒక వంశము నడచుచున్నది. ఆ నిశ్చయమును రాజ్యము గ్రహించుటకు చాల కాలము పట్టెను.

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించగా, దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అనంతపురమును కేంద్రముగా చేసికొని పాలించెను. పాళెగాండ్రు తమతమ ఎల్లలయందు వసూలు చేయుచుండిన సుంకములు కంపెనీ పరమై సాయరు పన్నుగా మారినవి. చౌకీలు మిగిలినవి, చౌకీల నౌకరుల లంచములును మిగిలినవి. మదరాసు రాజధానిలో ఈ అంతర్గత సుంకములు 1844లో చట్టముచే రద్దయ్యెను. అటుపిమ్మట అర్ధశతాబ్దము పాటు ఈ పీఠభూమి బాటలలో మూటకు ముడి విప్పుట యెంతో అరుదయ్యెను. గుంతకల్లు మీదుగా ఇనుపబాటలు పడెను. 1876-78 నాటి ఘోర క్షామమున ప్రాణములు దక్కించుకొన్నవారును, వారి సంతతియు ఆ రైళ్లలో నలుదిక్కులకు పోవుట నేర్చిరి.

ఈ స్వేచ్ఛకు అడ్డుకట్ట వేసినది మహామారి. 1896 సెప్టెంబరులో బొంబాయి నగరమున ప్లేగు కనబడెను. 1897 ఫిబ్రవరి 4వ తేదీన అంటువ్యాధుల చట్టము పుట్టెను. 1898లో హుబ్లీయందును, ఆ యాగస్టునందు బెంగుళూరునందును జనము ఎలుకలవలె రాలిపోవుచుండిరి. పటమును ముందుంచుకొని చూచినచో అనంతపురము మండల మెట్టి చిక్కులో పడెనో తెలియును. గుంతకల్లు నుండి ఒక దారి రాయచూరు మీదుగా బొంబాయికి, ఒక దారి బళ్లారి మీదుగా హుబ్లీకి, మరియొకటి హిందూపురము మీదుగా బెంగుళూరునకు పోవును. అనగా రోగము వచ్చుటకు గల ముఖ్యద్వారములు ఆ యొక్క స్టేషనులోనే కలిసికొనుచున్నవి. వ్యాధి గల మండలముల నుండి వచ్చు రైలు మార్గములమీద పరీక్షాస్థానము లేర్పడెను. రైలు ఆగగానే ప్రయాణికులను దింపి, ప్లాట్‌ఫారముమీద వరుసగా నిలిపి, నాడి చూచి, నుదురు తాకి, చంకలలోను గజ్జలలోను గడ్డలున్నవేమో యని తడిమి చూచుచుండిరి. అనుమానము గలిగిన వారిని శిబిరమునకు పంపుదురు. మూటలను ఆవిరిలోనో మందునీళ్లలోనో ముంచుదురు. మదరాసు రాజధానిలో దీనికి తోడు ప్లేగు పాసుపోర్టు అను కాగితము వచ్చెను: రోగమున్న చోటి నుండి వచ్చినవాడు దానిని చేతబట్టుకొని, చేరిన యూరిలో పది దినములు అధికారి యెదుట కనబడుచుండవలెను.

సుంకరి మూట విప్పుమనినాడు. ప్లేగు అధికారి చేయి ఎత్తుమనినాడు. మన దేశపు బాటసారి చరిత్రలో ఇంతకంటె పెద్ద మార్పు లేదని నా యభిప్రాయము. రాజ్యము మొట్టమొదటిసారిగా బాటసారి శరీరమునే అనుమానింప నారంభించెను. ఆ శరీరము పురుషునిదా, స్త్రీదా, గర్భిణిదా, పసిబిడ్డదా యను విచక్షణ తొలినాళ్లలో లేదు. జ్వరమే గుర్తు గదా. వేసవి రైలుపెట్టెలో కాకకు పసివాని ఒళ్లు వేడెక్కినను, ఎనిమిది గంటల ప్రయాణమున నీరు దొరకక చూలాలు సొమ్మసిల్లినను, అనుమానించుటకు అది చాలియుండును. పరాయి పురుషుడు ఇల్లాలి చంకను తడుముట యనునది ఊహింపరాని యవమానము. పుకార్లు పుట్టెను, స్త్రీలు రైలెక్కుట మానిరి, అల్లరులు చెలరేగెను; ఇండ్ల సోదాలతో రగిలిన పూనా నగరమున 1897 జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి ర్యాండు మీద చాపేకర్ సోదరులు తుపాకి పేల్చిరి.

ఆ తరువాతనే గదా ప్రభుత్వమునకు జ్ఞానోదయమైనది! రైలుస్టేషనులలో స్త్రీలను పరీక్షించుటకు లేడీ డాక్టర్లను, నర్సులను నియమించుటయు, తెర కట్టి ఆ చాటున చూచుటయు వ్యాపించెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 52వ సెక్షనులో, స్త్రీని సోదా చేయవలసి వచ్చినచో మరియొక స్త్రీయే, మర్యాదకు ఏమాత్రము లోపము రానీయక చేయవలెనను నియమము స్థిరముగా నిలిచెను. ఆ నియమము 1973 నాటి కోడులోనికి వచ్చెను, 2024 జూలై నుండి అమలగుచున్న కొత్త సంహితలోనికిని వచ్చెను. 1962 నాటి కస్టమ్సు చట్టమును స్త్రీని స్త్రీయే సోదా చేయవలెనని శాసించుచున్నది. నేడు విమానాశ్రయమున కనబడు తెరగదికి మూలము ఇక్కడ నున్నది. ఆ తెరను అధికారము దయతలచి కట్టలేదు. జనము కోపించి కట్టించిరి.

ఇక గగనమార్గము. స్వాతంత్ర్యము వచ్చిన తొలి రెండు దశాబ్దములలో విమానమెక్కుట ధనవంతుల ముచ్చట. సాగనంప వచ్చినవారు విమానము మెట్ల దాక పోయి చేయి ఊపుటయు కలదు. దేహపరీక్ష యను మాటయే లేదు. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరము నుండి జమ్మూకు పోవుచుండిన గంగ యను చిన్న విమానమును ఇద్దరు యువకులు లాహోరునకు మళ్లించిరి. ప్రయాణికులు బయటపడిరి, విమానమును దగ్ధము చేసిరి. తరువాత తేలిన దేమనగా, వారి చేతిలోని తుపాకి నిజమైనది కాదు, బొమ్మది. నేటికిని పసివాని చేతిలోని బొమ్మ తుపాకిని తనిఖీ సిబ్బంది తీసికొని పక్కన బెట్టినప్పుడు వాడు ఏడ్చి గోల చేయుటయు, తల్లి విసుగుకొనుటయు చూచుచున్నాము. ఆటబొమ్మతో ఒక విమానము బూడిదయైన సంగతి వారికి తెలియదు గాని, నియమము వ్రాసిన వారికి తెలియును.

విమానముల దొంగతనము అప్పటికి ప్రపంచవ్యాధి. అమెరికా 1973 జనవరి 5వ తేదీ నుండి ప్రతి ప్రయాణికుని పరీక్షించుట విధిగా చేసెను. మనదేశమున 1976 సెప్టెంబరు 10వ తేదీన మరియొక విమానము లాహోరునకు మళ్లింపబడిన పిమ్మట పాండే సంఘము చేసిన సిఫారసుతో, 1978 జనవరిలో పౌరవిమానయాన భద్రతకై ఒక విభాగ మేర్పడెను. అనంతపురము మండలమువారైన నీలం సంజీవరెడ్డిగారు అప్పుడు రాష్ట్రపతి. 1985 జూన్ 23వ తేదీన 329 మందిని బలిగొన్న కనిష్క విమాన విస్ఫోటనము తరువాత, 1987 ఏప్రిల్ 1 నుండి ఆ విభాగమే స్వతంత్రమైన బ్యూరో అయ్యెను. విమానాశ్రయములలో సోదా చేయువారు చిరకాలము రాష్ట్ర పోలీసులే. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుండి ఢిల్లీకి బయలుదేరిన విమానమును కాందహారునకు తరలించుకొనిపోయిన పిదప, 2000 ఫిబ్రవరి 3న జైపూరుతో మొదలిడి, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమువారికి ఆ పని అప్పగింపబడెను. ఖాకీ దుస్తులలోని ఆ దళపు స్త్రీలే నేడు మన అక్కచెల్లెండ్రను తెర వెనుకకు పిలుచువారు.

గర్భిణిని ఈ పరీక్షనుండి పూర్తిగా విడిచిపెట్టరాదా యని సహృదయులు అడుగవచ్చును. మన ఆచారము ప్రకారము ఆ ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానము 1986 ఏప్రిల్ 17వ తేదీన లండను హీత్రో విమానాశ్రయమున దొరికినది. ఆరవ నెలకు చేరువలో నున్న ఒక ఐరిష్ యువతి తన్ను పెండ్లాడెదనన్నవాడు సర్ది యిచ్చిన సంచితో ఇజ్రాయెలు విమానమెక్క బోవుచుండెను. విమానాశ్రయపు సామాన్య తనిఖీని ఆమె దాటిపోయెను. ఆ విమానసంస్థవారు తాము వేరుగా చేసిన తనిఖీలో సంచి అడుగుపొరలో దాదాపు కిలోన్నర పేలుడు పదార్థము బయటపడెను. ఆమెకు ఏమియు తెలియదు. తన కడుపులోని బిడ్డకు తండ్రియైనవాడే తల్లిని బిడ్డను 370 మందికి పైగా ప్రయాణికులతో కూడ ఆకాశమున కూల్చ నుద్దేశించెను. న్యాయస్థానము వానికి 45 ఏండ్ల శిక్ష విధించెను. ఆ దినమున ఆమె గర్భమును చూచి జాలితో విడిచిపెట్టియున్నచో, మొదట చచ్చునది ఆమెయే. అనంతరము 1991 మే 21న శ్రీపెరుంబుదూరున రాజీవ్ గాంధీని బలిగొన్న స్త్రీ నడుమునకు పేలుడు పట్టీ కట్టుకొని వచ్చెను. 2006 ఏప్రిల్ 25న కొలంబోలో సైన్యాధిపతిపై దాడి చేసిన స్త్రీ గర్భిణి వేషముననే సైనికస్థావరమున ప్రవేశించెను. నిండు గర్భము పూర్వము నమ్మకమునకు చిహ్నము; దుర్మార్గులు దానిని కవచముగా వాడుకొనుట మొదలిడిన నాటినుండి ఆ నమ్మకమునకు మూల్యమును నిజమైన గర్భిణులు చెల్లించుచున్నారు.

పసిబిడ్డ పాలసీసాకును ఇట్టి చరిత్రయే కలదు. 2006 ఆగస్టులో ద్రవరూప విస్ఫోటకములతో అట్లాంటిక్ మీది విమానములను పేల్చివేయు కుట్ర లండనులో బయటపడగా, రాత్రికి రాత్రి విమానములోనికి ద్రవములు నిషిద్ధములయ్యెను. బిడ్డల పాలకు మినహాయింపు నిచ్చిరి గాని, బ్రిటనులో తొలుత ప్రతి సీసాలోని పాలను వెంటనున్న పెద్దవారు తామే రుచిచూచి చూపవలెనని విధించిరి. తరువాత 100 మిల్లీలీటర్ల హద్దు వచ్చెను. శిశువునకు ప్రయాణమున గావలసిన పాలు ఆ హద్దునకు లోబడవను నియమము నిలిచెను. నియమమున్నను వరుసలోని యుద్యోగికి తెలియకపోవుటచే అమెరికాలో తల్లులు పిండి తెచ్చిన చనుబాలను పారబోయించిన ఘటనలు పలుమారులు వెలికివచ్చినవి. తల్లులు గట్టిగా ఫిర్యాదులు చేసిరి. తుదకు 2016 డిసెంబరులో, చనుబాలను, పాలు పిండు పరికరములను ఎట్లు పరీక్షింపవలెనో సిబ్బందికి శిక్షణ నియ్యవలెనని ఆ దేశపు శాసనసభ చట్టమే చేసెను. ప్లేగు కాలపు పాఠమే మరల వినబడుచున్నది: కాగితము మీది మర్యాద వేరు, గవినికడ దొరకు మర్యాద వేరు; ఈ రెంటిని కలుపునది బాటసారి నోరు.

ఈ సీమకు సొంత విమానాశ్రయము లేకపోలేదు. 1990 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి భక్తుల రాకపోకలకై ఒకటి వెలసెను. కాని అది సామాన్యునికి నిత్యోపయోగమైనది కాదు. మనవారు బెంగుళూరు పాత విమానాశ్రయమునకో, హైదరాబాదు బేగంపేటకో, మదరాసునకో పోయిరి. 2008 మే 24న దేవనహళ్లిలో కొత్త విమానాశ్రయము తెరచిన పిమ్మట ఈ సీమకు ముఖ్యద్వార మదియే యయ్యెను: అనంతపురము నుండి సుమారు 180 కిలోమీటర్లు, పెనుకొండ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, బాగేపల్లి, చిక్కబళ్లాపురముల మీదుగా పోవలెను. చిత్ర మేమనగా, టిప్పు సుల్తాను జన్మస్థానమైన దేవనహళ్లి కోట గవినికి ఆ విమానాశ్రయము కూతవేటు దూరముననే యున్నది. కొడికొండ సంగతియు చెప్పవలెను: 1995లో మన రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినప్పుడు ఇట్టి సరిహద్దు చెక్‌పోస్టులలోనే బస్సుల నాపి సంచులు వెదకిరి; 2017 జూలైలో వస్తుసేవల పన్ను రాగా వాణిజ్యపన్నుల తనిఖీ అంతరించెను. విజయనగరపు సుంకరి వారసత్వము అట్లు ఆ బాటమీద ముగిసినది. ప్లేగు అధికారి వారసత్వము మాత్రము బాట చివర విమానాశ్రయమున నిలిచియున్నది.

దేవనహళ్లి తనిఖీ వరుసలో ఒక్క గడియ నిలిచి చూచినచో మన ఆచారములును యంత్రములును ఎదురుపడు తీరు తెలియును. కదిరి వైపు నుండి వచ్చిన యొక జేజి, ఆరవ నెల నిండిన మనుమరాలు, ఆమె చంకను రెండేండ్ల బిడ్డ. చేతిసంచి, సెల్‌ఫోను, గాజుల డబ్బా ట్రేలలో సర్దిరి. బిడ్డ తోపుడు బండిని మడచి యంత్రమునకు పెట్టిరి. బిడ్డ నెత్తుకొని తల్లి లోహశోధక ద్వారములో నడువగానే అది కూసెను. బిడ్డ నడుమున వెండి మొలతాడు, మెడలో రాగి తాయెత్తు, తల్లి కాళ్లకు మెట్టెలు, మెడను పుస్తెలతాడు—కూయక యేమి చేయును? తెరగదిలో చిన్న చెక్కపీట మీద నిలుచుండబెట్టి, ఖాకీ దుస్తుల స్త్రీ చేతిలోని శోధకమును భుజములమీదుగా త్రిప్పి, కడుపు దగ్గర చేయి తేలిక చేసెను. కొంగు ముడి దగ్గర అది మరల కూసెను. ముడి విప్పిచూడగా తుప్పు పట్టిన మేకు. "యే క్యా హై?" అని ఆమె అడిగెను. తెర బయట నుండి జేజి అందుకొనెను: "ఇనుము తల్లీ! కడుపుతో ఉండే పిల్ల గదా, దోవలో గాలీ ధూళీ సోకకుండా నేనే కట్టినా." ఆ స్త్రీ ఒక్క క్షణము ఆలోచించి, మేకును పక్కన బెట్టి, బిడ్డ బుగ్గ నిమిరి పంపెను. సంచిలోని బాలింత కారము పొట్లము మాత్రము చిక్కులో పడెను, చేతిసంచిలో కారప్పొడికి అనుమతి లేదు గనుక. అది పెద్ద పెట్టెలో వేయవలసినదని ముందుగా చెప్పువారు వారికి లేకపోయిరి.

పూర్వపు ఆచారమునకును నేటి నియమమునకును కొన్ని యెడల ఆశ్చర్యకరమైన పొత్తును కలదు. మన విమానసంస్థలు సామాన్యముగా 28వ వారము దాటిన గర్భిణిని డాక్టరు సర్టిఫికెట్టు అడుగును, నెలలు నిండుకొలది ఎక్కనీయవు. అది దాదాపు మన పెద్దలు పుట్టింటికి తోడ్కొనిపోవు ఏడవ నెల. పెద్దలు చెప్పినది అనుభవముచే, సంస్థలు చెప్పునది వైద్యశాస్త్రముచే. అమెరికాలోని కూతురు ఆ గడువు దాటి రాలేకపోవుటచే, పురుటికి కూతురే పుట్టింటికి వచ్చు ఆచారము తలక్రిందులై, నేడు అనంతపురపు తల్లి తానే సముద్రములు దాటి కూతురింటికి పోవుచున్నది.

అయితే వ్యర్థమైన భయములును ప్రబలియున్నవి. ద్వారపు చట్రములో నడచినచో బిడ్డకు ఎక్స్‌రే తగులునని మన పల్లెటూళ్లలో గట్టి నమ్మకము. ఆ ద్వారమును, చేతిశోధకమును బలహీనమైన అయస్కాంత క్షేత్రముతో పనిచేయును. అందు ఎక్స్‌రే లేదు. ఎక్స్‌రే యున్నది సామాను పోవు యంత్రములో మాత్రమే, అదియు మందమైన కవచము లోపల. దేహమునంతయు చూచు నూతన యంత్రములలో వాడు మిల్లీమీటరు తరంగములకును ఆ దోషము లేదు. ఎక్స్‌రేతో దేహమును చూచిన పాతరకపు యంత్రములను అమెరికా విమానాశ్రయములనుండి 2013లో తొలగించిరి. అయినను మనస్సు ఒప్పని గర్భిణి చేతిసోదాను కోరుకొనవచ్చును. కోరుటకు సిగ్గుపడ నక్కరలేదు.

కోరినచో ఫలముండునని మన యెదుటనే జరిగిన నిదర్శన మొకటి చెప్పి ముగించెదను. మయూరి చిత్రముతో తెలుగువారికి ఆత్మీయురాలైన నర్తకి సుధా చంద్రన్, ప్రతి తనిఖీయందును కృత్రిమపాదమును విప్పుమనుట యెంతటి వేదనయో 2021 అక్టోబరులో ప్రధానమంత్రి నుద్దేశించి బహిరంగముగా చెప్పగా, భద్రతా దళమువారు బహిరంగముగనే క్షమాపణ చెప్పిరి. ఆమెకు నోరున్నది, పేరున్నది. కువైటు నుండి బిడ్డనెత్తుకొని దిగు కదిరి కూలితల్లికి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, నియమము తెలియదు. 1897లో రైలుబాట పక్కన నిలబడిన ఆమె ముత్తవ్వకును తెలియదు; కాని ఆ ముత్తవ్వలు అందరును కలిసి ఒప్పుకొనకపోవుటచేతనే తెర వచ్చెను.

కావున ఈ సీమ నుండి విమానమెక్కు కుటుంబములవారికి నా మనవి యిది. సోదాను నిరాకరింపవలదు, దాని వెనుక నెత్తుటి చరిత్ర కలదు, అది మన బిడ్డల ప్రాణరక్షణకే. కాని స్త్రీ సిబ్బందినే అడుగుడు, తెర చాటునే నిలువుడు, నిలువలేని చూలాలికి కుర్చీ అడుగుడు, బిడ్డ పాలను పారబోయనీయకుడు, డాక్టరు కాగితమును చేతిలోనే ఉంచుకొనుడు, మేకును కారమును ఇంటనో పెద్ద పెట్టెలోనో పెట్టి రండు. విమానాశ్రయముల యధికారులకు మనవి వేరొకటి: దేవనహళ్లి తనిఖీ వరుసలో గర్భిణులకును పసిబిడ్డల తల్లులకును గల నియమములను కన్నడముతో పాటు తెలుగులోను పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టింపుడు. ఆ ద్వారము దాటువారిలో మా సీమవారు కొద్దిమంది కారు.